తెల్ల గువ్వ, నల్ల కోటు: మ్యాజిక్ నేర్చుకునేవారి ఇంటికి చిట్కాలు

ఖాళీ చేతుల్లోంచి ఎర్ర సిల్కు రుమాలు, ఆ రుమాలులోంచి తెల్ల గువ్వ. ఈ ఐటమ్‌కి చప్పట్లు కొట్టని పిల్లలు లేరు, పెద్దలూ లేరు. షో చూసొచ్చిన మర్నాడే ‘నాకూ పావురాలు కొనిపెట్టండి’ అని ఇంట్లో పేచీ మొదలవుతుంది. చేతివాటం గురువు దగ్గర నేర్చుకోవచ్చు, సామాను కొట్లో కొనుక్కోవచ్చు. గువ్వ మాత్రం ప్రాణమున్నది. దానికి మ్యాజిక్ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అది స్టేజీ మీద చేసేదల్లా బెదరకుండా వేలి మీద కూర్చోవడం. కింద చెప్పేవన్నీ ఆ బెదురు పోగొట్టడానికే. కోటు లోపలి గుట్టుమట్లు మాత్రం అడగకండి, అవి గురువు చెవిలో చెప్పాల్సినవి.

1. పావురం జోలికి పోకుండా గువ్వను ఎంచుకోండి

స్టేజీ మీద కనిపించేది పావురమేనని అందరూ అనుకుంటారు. చాలావరకు అది తెల్ల గువ్వ. పెట్ షాపుల్లో జావా డవ్ అనో, వైట్ డవ్ అనో అడిగితే ఇదే ఇస్తారు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన తిరిగే ఒక గువ్వ జాతిని మనుషులు తరతరాలుగా మచ్చిక చేసుకోగా వచ్చిన పెంపుడు పక్షి ఇది. బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. మామూలు పావురం దానికి రెట్టింపు తూగుతుంది, లేచేటప్పుడు రెక్కలు టపటపలాడించి హాలంతా వినిపిస్తుంది, ఎక్కడ వదిలినా తన గూటికి పోవాలన్న ధ్యాసలో ఉంటుంది. గువ్వకు అంత దూరం పోవాలన్న యావ లేదు. కాస్త ఎత్తుగా, వెలుతురుగా ఉన్న చోటు కనబడితే చాలు, వాలి కూర్చుంటుంది. మ్యాజిక్ వాళ్లకు పనికొచ్చింది ఈ గుణమే.

ఇంకా చిన్నవి డైమండ్ డవ్స్. చూడముచ్చటగా ఉంటాయి కానీ 30 గ్రాములకు అటూ ఇటూ తూగే పక్షిని పట్టుకోవడానికి చాలా మెత్తని చేయి కావాలి. కొత్తవాళ్లకు అవి వద్దు.

2. పెరట్లో వాలే గువ్వను పట్టకండి

చుక్కల గువ్వ, మెడ వెనక నల్ల పట్టీ ఉన్న బూడిదరంగు గువ్వ మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవి అడవి పక్షులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టకూడదు, పంజరంలో పెంచకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, చెట్ల మీద పెరిగిన గువ్వకు మనిషి చెయ్యంటే గద్ద కాలే.

3. కొనేటప్పుడు తొందరపడకండి

హైదరాబాద్ పాతబస్తీలో పావురాల పెంపకం తరాల నాటి సరదా. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో పక్షుల బేరం చూడ్డానికే వెళ్లేవాళ్లున్నారు. కానీ బజారులో ఒకే పంజరంలో నాలుగైదు చోట్ల నుంచి వచ్చిన పక్షులను కుక్కి ఉంచుతారు. వాటిలో ఒకదానికి జబ్బుంటే మిగతావాటికి అంటుకోవడం ఎంతసేపు? ఇంటి దగ్గర జంటలు పెంచి పిల్లలు తీయించేవారి దగ్గర కొంటే తల్లిదండ్రులను కూడా చూడవచ్చు. తల్లిదండ్రులు మనిషి దగ్గరకు రాగానే పంజరం మూలకు పారిపోతే ఆ ఇంటి పిల్లలు వద్దు.

పక్షిని ముట్టుకోకముందు ఐదు నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, ఒక మూల ముడుచుకున్నదాన్ని ‘ఎంత సాధువో’ అని మురిసి తెచ్చుకోవద్దు. అది సాధుత్వం కాదు, జబ్బు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా, గొంతులో టిక్కుటిక్కుమంటున్నా వదిలేయండి. ఆ తర్వాత చేతిలోకి తీసుకుని ముక్కు రంధ్రాలు పొడిగా ఉన్నాయా, రొమ్ము ఎముక కత్తి అంచులా పొడుచుకు రాకుండా ఇరువైపులా కండ ఉందా, రెట్టతో వెనక ఈకలు అంటుకుపోయాయా అన్నది చూడండి. ముక్కు మెల్లగా తెరిపించి నోట్లోకి చూడటం మరవొద్దు. లోపల పసుపుపచ్చగా వెన్నముద్దల్లాంటివి కనిపిస్తే అది గువ్వలకూ పావురాలకూ వచ్చే గొంతు జబ్బు. మందుంది కానీ జబ్బు పక్షిని కొని వైద్యం చేయించడం కొత్తవారి పని కాదు.

కళ్లు కూడా చూడండి. తెల్ల గువ్వకు ముదురు రంగు కళ్లుంటే మేలు. లేత గులాబీ కళ్లున్నవాటికి చూపు తక్కువ. స్టేజీ దీపాల కింద వేలు ఎక్కడుందో తెలియని గువ్వ ఏం వాలుతుంది?

4. వయసు

ఆరు నుంచి ఎనిమిది వారాల పిల్ల మంచిది. అంతకు ముందు తెచ్చుకుంటే గింజలు తానుగా తినడం రాకుండానే తల్లిని విడుస్తుంది. గువ్వ పిల్లలకు మొదట్లో ఆహారం తల్లీ తండ్రీ ఇద్దరి మెడసంచిలో ఊరే పాలలాంటి పదార్థమే, దానికి బదులు మన దగ్గర ఏమీ లేదు. ఏడాది దాటిన పక్షి మచ్చిక కాదని కాదు, ఓపిక ఎక్కువ కావాలి.

5. ఆడా, మగా?

చూసి చెప్పడం కష్టం. అమ్మేవాడు గట్టిగా చెప్పినా నమ్మనక్కర్లేదు. కచ్చితంగా తెలియాలంటే ఈక పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకోవాలి. మగది ఎక్కువ కూస్తుంది, తల వంచి వంచి దండాలు పెడుతున్నట్టు కూస్తుంది, వాలగానే నవ్వినట్టు ఒక కూత వేస్తుంది. ఇంట్లో వినడానికి బాగానే ఉంటుంది. కోటులోంచి ఆ నవ్వు వినిపించిందంటే ఐటమ్ అయిపోయినట్టే. అందుకే ఆడవాటికి గిరాకీ. రెండు మగవాటిని ఒకే పంజరంలో వేస్తే పొడుచుకుంటాయి.

ఆడవాటితో తలనొప్పి వేరు. జత లేకపోయినా గుడ్లు పెడతాయి. ఒక ఈతకు రెండు గుడ్లు. రెండు ఆడవి కలిసి ఉంటే గూట్లో నాలుగు గుడ్లు కనిపిస్తాయి, అప్పుడైనా మీ అనుమానం తీరుతుంది. గుడ్లు తీసేస్తే మళ్లీ పెడుతుంది, ఒంట్లో సున్నం తరిగిపోతుంది. తీయకండి. ప్లాస్టిక్ గుడ్లు మార్చి పెట్టండి, లేదా ఆ గుడ్లనే ఉడకబెట్టి చల్లార్చి తిరిగి పెట్టేయండి. పొదిగి పొదిగి విసుగొచ్చి తానే లేచిపోతుంది. గుడ్డు మీదున్న రోజుల్లో, గుడ్డు పెట్టబోతూ బరువుగా ఉన్న రోజుల్లో దానికి షో సెలవు.

6. కొత్తదాన్ని నెల రోజులు వేరే గదిలో ఉంచండి

పాత గువ్వలుంటే ఇది తప్పనిసరి. ముందు పాతవాటికి గింజలు వేసి ఆ తర్వాతే కొత్తదాని దగ్గరకు వెళ్లండి, చేతులు కడుక్కోకుండా వెనక్కి రాకండి.

7. పంజరం ఎక్కడ పెట్టాలన్నదే సగం పెంపకం

వంటింట్లో వద్దు. మిరపకాయల తాలింపు ఘాటుకు మనమే దగ్గుతాం, పక్షి ఊపిరితిత్తులు మనకన్నా సున్నితం. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద ఖాళీగా మాడిపోతే దాని పొగ పక్షులను నిమిషాల్లో చంపుతుంది. దేవుడి గదిలోనూ వద్దు, అగరబత్తి, సాంబ్రాణి, కర్పూరం అన్నీ పొగే. దోమల చక్రం వెలిగించే పడకగది కూడా పనికిరాదు, పంజరానికి దోమతెర కట్టడం మేలు.

గాలి ఆడే వరండా, ఉదయపు ఎండ ఒక గంట తగిలే చోటు, మనుషులు అటూ ఇటూ తిరుగుతూ కనిపించే చోటు చూడండి. ఒంటరిగా మేడ మీద పెట్టిన గువ్వ మనుషుల అలికిడికి ఎప్పటికీ అలవాటు పడదు. హాల్లో టీవీ మోత, పిల్లల అల్లరి, కుక్కర్ విజిల్ మధ్య పెరిగినదానికి ఫంక్షన్ హాలు కొత్తగా అనిపించదు. గోడ మీద ఎత్తుగా పెడితే పిల్లి, ఎలుక, చీమల బాధ తగ్గుతుంది. పంజరం ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, రెక్కలు రెండూ చాపి ఒక కర్ర మీంచి ఇంకో కర్రకు ఎగరగలగాలి. కొత్త జింకు పూత తీగను పక్షులు పొడిచి విషం తెచ్చుకుంటాయి కనుక పౌడర్ కోటింగ్ ఉన్నది కొనండి. అడుగున పాత పేపరు వేసి రోజూ మార్చండి. రెట్ట రంగు, పలచదనం పేపరు మీద తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

8. తిండి ఇంట్లోనే ఉంది

కొర్రలు, సామలు, సజ్జలు, గోధుమలు, కొద్దిగా పెసలు కలిపితే గువ్వకు రోజువారీ భోజనం. కుసుమ గింజలంటే దానికి ప్రాణం. అందుకే అవి గిన్నెలో వేయకుండా మీ చేతి నుంచి మాత్రమే పెట్టండి, శిక్షణకు అవే లంచం. అప్పుడప్పుడు సన్నగా తరిగిన కొత్తిమీర, పాలకూర వేయండి. చాక్లెట్, అవకాడో, ఉల్లిపాయ ముక్క కూడా తగలనీయొద్దు.

గువ్వ గింజ పొట్టు ఒలవదు, గింజంతా మింగేస్తుంది. అది లోపల నలగాలంటే చిన్న చిన్న రాతిరేణువులు కావాలి, పెట్ షాపుల్లో గ్రిట్ అని అమ్ముతారు. సున్నం కోసం ఆల్చిప్పల పొడి, లేకపోతే మూలికల కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టండి. నీళ్ల గిన్నె కాస్త లోతుగా ఉండాలి. కోడిలా తలెత్తి మింగదిది, ముక్కు ముంచి ఒకే పీల్పున తాగుతుంది.

9. తెల్లదనానికి నీళ్లే చాలు

వెడల్పాటి పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టి పక్కకు తప్పుకోండి. అదే దిగి, రెక్కలు కొట్టి, ఒళ్లంతా తడిపి, ఎండలో ఒక రెక్క పైకెత్తి వాలిపోతుంది. షాంపూ, సబ్బు, బట్టలకు వేసే నీలిమందు ఏవీ వద్దు. ఈకల మీద పౌడరులా రాలే దుమ్ము సహజమైనదే. అది నల్ల కోటు మీద సున్నం కొట్టినట్టు కనబడుతుంది. షో ముందురోజు స్నానం చేయిస్తే కోటు బతుకుతుంది.

10. రాత్రి చిన్న బెడ్‌లైటు వేసి ఉంచండి

చిమ్మచీకట్లో బల్లి పడినా, దూరంగా టపాసు పేలినా గువ్వ ఉలిక్కిపడి లేచి పంజరానికి కొట్టుకుంటుంది. తెల్లారేసరికి నెత్తి మీద రక్తం, అడుగున ఈకలు. సున్నా నంబరు బల్బు ఒకటి ఈ బాధ తప్పిస్తుంది. దీపావళి రెండు రోజులూ పంజరాన్ని లోపలి గదిలోకి మార్చండి.

11. మొదటి వారం ఏమీ నేర్పకండి

అందరూ తొందరపడేది ఇక్కడే. తెచ్చిన సాయంత్రమే చేతిలోకి తీసుకుని ఫొటోలు దిగుతారు. ఆ భయం పోవడానికి తర్వాత నెల పడుతుంది. వారం పాటు పంజరం పక్కన కుర్చీ వేసుకుని మీ పని మీరు చేసుకోండి. చదువుకోండి, ఫోన్లో మాట్లాడుకోండి, పేకముక్కలు తిప్పడం సాధన చేసుకోండి. దాని కళ్లలోకి తదేకంగా చూడొద్దు, వేటాడే జంతువే అలా చూస్తుంది.

రెండో వారంలో సాయంత్రం దీపం తగ్గించి, చెయ్యి లోపల పెట్టి, అరచేతిలో కుసుమ గింజలు ఉంచి కదలకుండా ఉండండి. మొదటిసారి రాదు. రెండోసారీ రాకపోవచ్చు. వచ్చి ఒక గింజ ఏరుకున్నాక కూడా చెయ్యి కదపకండి. చేతి మీదికి అలవాటుపడ్డాక చూపుడువేలును దాని కాళ్లకు కాస్త పైన, పొట్టకు ఆనించి మెల్లగా నొక్కండి, తానే అడుగు వేసి వేలెక్కుతుంది. ఎక్కగానే గింజ. ఎక్కకపోతే ఏమీ అనొద్దు. గువ్వకు గదమాయిస్తే నేర్చుకునే తెలివి లేదు, గదమాయించినవాణ్ని గుర్తుపెట్టుకునే తెలివి మాత్రం ఉంది.

రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు. అంతకు మించితే మీకు సరదా, దానికి శిక్ష. ఒకే వేళకు, ఒకే చోట చేస్తే త్వరగా పట్టుబడుతుంది.

12. పట్టుకునే తీరు తెలియకపోతే ముట్టుకోవద్దు

ఈ ఒక్క చిట్కా ఇంట్లో పిల్లలందరికీ నేర్పండి. పక్షికి మనలా ఊపిరికి సాయపడే కండరపు తెర లేదు. రొమ్ము ఎముక ముందుకు కదిలితేనే దానికి గాలి అందుతుంది. ముక్కు, నోరు తెరిచే ఉన్నా, రొమ్మును గట్టిగా పట్టుకుంటే చాలు, ఊపిరాడదు. చిన్నపిల్లలు ముద్దుగా గుండెలకు హత్తుకుని చంపేసేది ఇలాగే.

అరచెయ్యి పొట్ట కింద ఉండాలి. రెండు కాళ్లూ వెనక్కి చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ రావాలి. బొటనవేలు రెక్కల కొసల మీదుగా తోక దగ్గర తేలిగ్గా ఆనాలి. రొమ్ము మీద ఏ వేలూ ఉండకూడదు. స్టేజీ సామాను కొన్నా, దర్జీతో కోటు కుట్టించినా అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: పక్షి రొమ్ముకు కదలడానికి చోటుందా?

13. వేలి మీంచి స్టాండుకు, స్టాండు మీంచి వేలికి

తలుపులు, కిటికీలు మూసి, అద్దాలకు పరదాలు వేసి మొదలుపెట్టండి. ముందు జానెడు దూరం. స్టాండు గదిలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి. బీరువా అంతకన్నా ఎత్తుగా ఉంటే గువ్వ బీరువా మీదే వాలుతుంది, తప్పు దానిది కాదు. స్టాండు కర్రకు గుడ్డ చుట్టండి, నున్నని స్టీలు గొట్టం మీద కాళ్లు జారతాయి. ఒకసారి జారిన కర్ర మీదికి మళ్లీ రావడానికి జంకుతుంది.

గువ్వ చిలక కాదు, చిలకలా బండి లాగదు, కార్డు తీయదు. దానికి అబ్బే విద్య ఇంతే: చెయ్యి, స్టాండు, మళ్లీ చెయ్యి. ఈ మూడూ ఖాయమైతే ఐటమ్ సిద్ధం.

14. వేషం వేసుకునే సాధన చేయండి

లుంగీలో మిమ్మల్ని చూసి అలవాటుపడ్డ గువ్వకు నల్ల కోటు, టోపీ వేసుకున్న మనిషి పరాయివాడు. ముఖ్యంగా టోపీ. కోటును రెండు రోజులు పంజరం ఎదుట వేలాడదీయండి. సిల్కు రుమాళ్లు రంగురంగులవి పంజరం దగ్గర ఉంచి, అవి గాలికి కదలనివ్వండి. ఆ తర్వాత షోలో వాడే పాట, మొదట చిన్నగా, రోజురోజుకూ కొంచెం పెంచుతూ. చప్పట్ల కోసం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టండి. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది.

దీపాలది వేరే కథ. చీకటి హాల్లో స్టేజీ ఒక్కటే వెలుతురుగా ఉంటే గువ్వ జనం వైపు పోదు, వెలుగులోనే ఉంటుంది. హాలంతా లైట్లు వేసి చేసే పెళ్లి రిసెప్షన్లో ఆ భరోసా లేదు. టకటక ఆరి వెలిగే డిస్కో లైట్లు పక్షి ఐటమ్ అయ్యేదాకా ఆపించండి.

15. నెమ్మదిగా చేయండి

అమెరికాకు చెందిన చానింగ్ పొలాక్ (1926–2006) గువ్వల ఐటమ్‌కు ఒక రూపం తెచ్చినవాడు. అంతకు ముందు మెక్సికో మెజీషియన్ కాంటు కూడా గువ్వలతో పేరు తెచ్చుకున్నాడు. కానీ 1959లో వచ్చిన ‘యూరోపియన్ నైట్స్’ సినిమాలో పొలాక్ ఐటమ్ చూశాక దేశదేశాల మెజీషియన్లు గువ్వలు కొనడం మొదలుపెట్టారు. ఫ్రెంచి సినిమా ‘జుడెక్స్’ (1963)లో ఆయనే హీరో, అందులోనూ పక్షి ముసుగు వేసుకుని గువ్వలతో కనిపిస్తాడు. ఆయన పరుగులు పెట్టడు, నవ్వడు, మాట్లాడడు. చెయ్యి ఎంత మెల్లగా కదులుతుందంటే గువ్వ అప్పుడే నిద్రలేచి వచ్చినట్టుంటుంది. దాన్ని అందరూ స్టైల్ అన్నారు, స్టైలే. అయితే ఆ నిదానం పక్షికి కూడా మేలు చేస్తుందని గువ్వల్ని పెంచినవారికి అర్థమవుతుంది. చెయ్యి విసురుగా లేచినప్పుడల్లా గువ్వ గుండె అదురుతుంది.

1982లో 22 ఏళ్ల లాన్స్ బర్టన్ గువ్వలు, కొవ్వొత్తుల ఐటమ్‌తోనే ప్రపంచ మెజీషియన్ల పోటీ ‘ఫిజమ్’లో గ్రాండ్ ప్రి గెలిచాడు. అతని వేగం చూసి పిల్లలు అదే ముందు నేర్చుకోవాలనుకుంటారు. పొలాక్ దగ్గర మొదలుపెట్టి బర్టన్ దగ్గరికి వెళ్లొచ్చు. తిరగేసి కుదరదు.

16. కోటులో ఉండాల్సింది నిమిషాలే

గువ్వ ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది, దానికి చెమట పట్టదు. ఏసీ లేని హాల్లో, లైట్ల కింద, కోటు లోపల ఎంత ఉక్కపోస్తుందో వేసుకున్నవారికే తెలుసు. అందుకే గువ్వల ఐటమ్ ప్రోగ్రాంలో మొదటిది కావాలి, గువ్వ కోటులోకి వెళ్లడం మీ పేరు పిలవడానికి ముందు చివరి పని కావాలి. ముఖ్య అతిథి రాలేదని, ఉపన్యాసం ఇంకా అవలేదని నిర్వాహకులు అరగంట ఆపితే మొహమాటపడొద్దు, పక్షిని బయటకు తీసి పెట్టెలో పెట్టేయండి. బయటకు వచ్చిన గువ్వ నోరు తెరిచి వగరుస్తుంటే ఆ రోజుకు దాని పని అయిపోయింది.

17. రెక్కలు కత్తిరించాలా?

చాలామంది మెజీషియన్లు ఎగిరే ఈకలు కొన్ని కత్తిరిస్తారు. నొప్పి ఉండదు, ఈకలు రాలి కొత్తవి వచ్చేటప్పుడు మళ్లీ మొలుస్తాయి. కానీ పచ్చి ఈక, అంటే మొదలు దగ్గర ఇంకా రక్తం ఉన్నది, తెగితే రక్తం ఆగకుండా కారుతుంది. ఒక్క రెక్కే కత్తిరిస్తే పక్షి తూకం తప్పి బొక్కబోర్లా పడుతుంది. నా మట్టుకు నేను కత్తిరించకపోవడమే మంచిదంటాను. రెక్క ఉన్న గువ్వ జారినా తమాయించుకుని వాలుతుంది. రెక్క లేనిది పడిపోతుందేమోనని ఎప్పుడూ భయంలోనే ఉంటుంది.

18. సీలింగ్ ఫ్యాను

ఇంట్లో పంజరం తలుపు తీసే ముందు, హాల్లో ఐటమ్ మొదలయ్యే ముందు ఫ్యాన్లన్నీ ఆగాలి. రెగ్యులేటరు తగ్గించడం కాదు, పూర్తిగా ఆగాలి. స్విచ్ బోర్డు దగ్గర మీ మనిషిని ఒకరిని నిలబెట్టండి, ఎవరో పెద్దాయన ఉక్కపోస్తోందని మధ్యలో వచ్చి వేసేస్తాడు.

19. షో రోజు తిండి

కోటు మీద రెట్ట పడకుండా పక్షిని ముందురోజు నుంచీ పస్తు పెట్టేవారున్నారు. అక్కర్లేదు. పొద్దున్నే మామూలుగా గింజలు వేసి, షోకు మూడు నాలుగు గంటల ముందు గిన్నె తీసేస్తే చాలు. నీళ్లు తీయొద్దు. అయినా ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది, తడిగుడ్డ జేబులో ఉంచుకోండి. షో అవ్వగానే, మీ ఫొటోల కన్నా ముందు, దానికి గింజలు.

20. ప్రయాణం

గాలి రంధ్రాలున్న చెక్క లేదా ప్లాస్టిక్ పెట్టె, అడుగున కాళ్లు జారకుండా రబ్బరు చాప లేదా మందపాటి గుడ్డ. ఒక్కో అరలో ఒక్కో పక్షి. లోపల మసక చీకటి ఉంటే ప్రశాంతంగా కూర్చుంటాయి. బండి కదులుతుండగా నీళ్ల గిన్నె పెడితే ఒళ్లు తడిసి చలేస్తుంది, ఆగినచోటల్లా తాగించండి. బెజవాడ, రామగుండం ఎండల్లో ఆపిన కారులో పక్షిని వదిలి ‘టీ తాగి వస్తాం’ అనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పగటి షోలకు గువ్వలు లేకుండా ప్రోగ్రాం తయారు చేసుకోవడం తెలివైన పని.

21. రిజిస్ట్రేషన్ కాగితం

జనం ముందు ప్రదర్శించడానికి పక్షికి శిక్షణ ఇవ్వాలంటే ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నిబంధనలు, 2001 ప్రకారం భారత జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలి. మండలి కార్యాలయం ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ఆ నిబంధనలు చదివితే పక్షిని పెంచినవారే రాశారా అనిపిస్తుంది. ఆకలికి మాడ్చి పని చేయించకూడదు. జబ్బుగా ఉన్నప్పుడు స్టేజీ ఎక్కించకూడదు. దగ్గరలో కావాలని పెద్ద చప్పుళ్లు చేయకూడదు, నిప్పు దగ్గరకు తేకూడదు. కృత్రిమ దీపాల వెలుగు 500 లక్స్ మించకూడదు. రిసెప్షన్లలో స్టేజీకి ఇరువైపులా చిమ్మే నిప్పురవ్వల గొట్టాలు, బర్టన్ కొవ్వొత్తులు ఈ లెక్కలో ఇక్కడ కుదరవు.

ఇలాంటి నిలదీత కొత్తది కాదు. పంజరంతో సహా పక్షిని మాయం చేసే ఐటమ్‌లో ప్రతిసారీ ఒక పక్షి చస్తోందని ఇంగ్లండులో ఆరోపణ వస్తే, 1921లో కార్ల్ హెర్ట్జ్ అనే మెజీషియన్ పార్లమెంటు కమిటీ ఎదుటే ఆ ఐటమ్ చేసి, తన కెనరీ పిట్టను బతికుండగా చూపించాల్సి వచ్చింది. 1925లో అక్కడ ప్రదర్శన జంతువుల చట్టం వచ్చింది.

22. ఆకాశంలోకి వదలకండి

షో ఆఖర్న ఆరుబయట తెల్ల గువ్వను ఎగరేస్తే ఫొటో బాగా వస్తుంది. ఆ గువ్వకు మాత్రం తిండి వెతుక్కోవడం రాదు, దారి తెలియదు. తెల్లగా ఉండటంతో కాకులకూ గద్దలకూ మొదట అదే కనబడుతుంది. సభల్లో ఎగరేసి తిరిగి రప్పించుకునేవి గూటికి చేరడం నేర్పిన తెల్ల పావురాలు. వాటిక్కూడా ప్రమాదం లేకపోలేదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఎగరేసిన పక్షులు కొన్ని జ్యోతి గిన్నె అంచున వాలి, మంట వెలిగించగానే కాలిపోయాయి.

23. మీ ఊపిరితిత్తులు కూడా చూసుకోండి

గువ్వల ఈకల దుమ్ము, ఎండిన రెట్ట దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పంజరం శుభ్రం చేసేటప్పుడు ముందు నీళ్లు చల్లండి, మాస్కు పెట్టుకోండి, పొడి చీపురుతో ఊడ్వకండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే డాక్టరును అడిగాకే గువ్వలు తెచ్చుకోండి.

24. పన్నెండేళ్ల లెక్క

బాగా చూసుకుంటే గువ్వ పన్నెండేళ్లు బతుకుతుంది, అంతకు మించి బతికినవీ ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో మ్యాజిక్ మొదలుపెట్టిన కుర్రాడు ఈలోగా ఇంజనీరింగ్ పూర్తిచేసి అమెరికా కూడా వెళ్లిపోవచ్చు. విమానం ఎక్కించి తీసుకెళ్లడం అంత తేలిక కాదు. కాబట్టి కొనకముందే అమ్మానాన్నలు తేల్చుకోవాల్సిన మాట ఇది: అబ్బాయి హాస్టల్‌కు పోతే పొద్దున్నే గింజలు ఎవరు వేస్తారు? వేసేవారు లేకపోతే ఈ ఐటమ్‌కు పట్టుగుడ్డతో చేసిన బొమ్మ గువ్వలు దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి. ఉన్నారంటే జంటగా కొనండి, ఒంటరి గువ్వ దిగులు పడుతుంది. ముసలిదై వాలడంలో తడబడుతున్నదాన్ని స్టేజీ మాన్పించి, కర్రలు కిందికి దించి, తోడుతోపాటు అదే వరండాలో ఉండనివ్వండి. ఇంకొకరికి ఇవ్వక తప్పకపోతే గువ్వలు పెంచే మరో మెజీషియన్‌కు ఇవ్వండి. అది వేలు ఎక్కే తీరు, తినే గింజలు, పడుకునే వేళ ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని పంజరంతోపాటే పంపండి.